దుప్పటి నేర్పిన గోల్ఫ్

గోల్ఫ్ రానివాడు బ్యాంకు ఉద్యోగానికే కాదు, సంసారానికి కూడా పనికిరాడు! ఈ మాట అన్నందుకు మీకు నన్ను కర్ర పుచ్చుకుని కొట్టాలనిపిస్తే నిరభ్యంతరంగా కొట్టండి. కాకపోతే చేతులు ముందు దించి, కర్ర చివరను కాస్త వెనకాల రానివ్వండి. లేకపోతే నాకు దెబ్బ తగలదు.

నా పేరు బర్నబాస్. రేపల్లె బ్రాంచిలో ఆఫీసరుని. కాపురం తెనాలిలో, ఎందుకంటే మా ఆవిడ రిబ్కా అక్కడ టీచరు. పొద్దున్నే పాసింజరు ఎక్కితే, ఆ బండి దయ తలిచినప్పుడు రాత్రి ఎనిమిదికి ఇంట్లో పడేవాణ్ణి. నాలుగేళ్ళుగా నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే. తెనాలికి ట్రాన్స్‌ఫర్! దేవుడు కూడా ఆఫీసు పద్ధతి తెలిసినవాడు కాబట్టి, నా అర్జీని రీజనల్ మేనేజరుగారికి పంపించేశాడు.

ఆయన పేరు బసవేశ్వరరావు గారు. 1992లో బాపట్ల వస్తూ, ఉత్తరాదిలో అలవాటు చేసుకున్న గోల్ఫును సంచీతో సహా మోసుకొచ్చారు. సూర్యలంక దారిలో సరుగుడు తోట పక్కన ఉన్న ఇసుక మైదానమే మా గోల్ఫ్ కోర్సు. తక్కిన ప్రపంచంలో బంతి ఇసుకలో పడితే ఏడుస్తారట. మాకా బెంగ లేదు. పొరపాటున గడ్డి మీద పడితేనే మాకు కంగారు!

ప్రతి ఆదివారం పొద్దున ట్రాన్స్‌ఫర్ కావలసిన ఆఫీసర్లందరం అక్కడ హాజరు. నాలాగే తెనాలి నుంచి రైల్లో వచ్చే మా బ్రాంచి వెంకటకృష్ణయ్య ఒక్కడే మొదటి వారమే "నడుం పట్టేసిందండి" అని ఇంట్లో పడుకున్నాడు. వాడి భవిష్యత్తు తలుచుకుని నేను చాలా జాలిపడ్డాను. చర్చిలో పాస్టరుగారు, "బర్నబాస్ గారు ఆరాధనకి రావట్లేదేంటమ్మా?" అని అడిగితే, "ట్రాన్స్‌ఫర్ కోసం ఇసక తవ్వుతున్నారండి" అని చెప్పిందట మా ఆవిడ.

"బంతిని ఎవడైనా కొడతాడయ్యా! ల్యాగ్ కావాలి, ల్యాగ్! అది చేతికి తెలియాలి!" అనేవారు సార్.

ఏమిటా ల్యాగ్? కర్ర ఎత్తాక ముందు చేతులు దిగాలి. కర్ర చివర ఉన్న ఇనప తల వెనకబడి రావాలి. తీరా బంతి దగ్గరికొచ్చాక ఒక్క ఊపున చేతుల్ని అందుకోవాలి. అంతే! ఇందులో కష్టమేముంది? మా బ్యాంకులో ఎప్పుడూ సంతకం ముందు, ఆలోచన వెనకే కదా!

కానీ నా కర్ర తలకి ఆగే గుణం లేదు. చేతుల కంటే ముందే పరిగెత్తేది. ఇసుక నా నోట్లో, బంతి ఉన్నచోటే.

అయినా ఈ విద్య వల్ల నాకు కలిగిన లాభాలు ఒకటా రెండా? రేపల్లె పాసింజర్లో గొడుగుతో సాధన మొదలెట్టాను. కాలు పెట్టడానికి చోటుండని పెట్టెలో బెంచీ మొత్తం నాకే వదిలేశారు! కౌంటర్లో రబ్బరు స్టాంపుతో సాధన చేశాను. పాస్‌బుక్ మీద పడాల్సిన ముద్ర కోటయ్యగారి తెల్లచొక్కా మీద పడింది. ఆయన మళ్ళీ మా బ్యాంకు గడప తొక్కలేదు. నాకు పని తగ్గిందా లేదా?

ఆఖరికి సార్ తన పుస్తకం ఇచ్చారు. అందులో, తడి తువ్వాలు విసిరితే ల్యాగ్ తెలుస్తుందని రాసి ఉంది. పెరట్లో బట్టలుతికే రాయి పక్కన నిలబడి అరగంట విసిరాను. రిబ్కా బకెట్టుతో వచ్చి చూసింది.

"ఏంటండీ అది? గాలిని ఉతుకుతున్నారా?"

విషయం చెప్పాను. ఆవిడ బకెట్టులోంచి తడి దుప్పటి తీసి నా చేతిలో పెట్టింది.

"చేతులు ముందు దించండి. దుప్పటిని తొందరపెట్టకండి. దాని వంతుకి అదే వస్తుంది."

మొదటిసారి నీళ్ళన్నీ నా వీపు మీదే పడ్డాయి. రెండోసారి మా ఆవిడ మీద పడ్డాయి. మూడోసారి మణికట్ల దగ్గర ఏదో బరువు వెనక్కి లాగింది, ఒక్క క్షణం ఆగింది, ఆ తర్వాత రాయి మీద ఫెళ్ళుమంది! నాకు ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే సిగ్గేసింది. నేను ఆరు నెలలు ఇసుకలో వెతికింది, పదకొండేళ్ళుగా మా పెరట్లో ఆవిడ చేతుల్లోనే ఉంది.

ఆ ఆదివారం నేను కొట్టిన బంతి సరుగుడు తోట దాటి పోయింది. సార్ నోరు తెరిచారు.

"ఎవరయ్యా నీకు నేర్పింది?"

"మీ పుస్తకమేనండి" అన్నాను. దేవుడు నన్ను క్షమించుగాక! రిబ్కాకి ఈ సంగతి చెబితే, "పోనీలెండి. తెనాలి వస్తే చాలు" అంది.

వారం తిరక్కుండా ఆర్డర్లు వచ్చాయి. తెనాలి బ్రాంచి వెంకటకృష్ణయ్యకి! "నడుం నొప్పివాడు, రోజూ రైల్లో ఏం తిరుగుతాడు పాపం" అన్నారట సార్. మరి నాకు? బాపట్ల! "నీలాంటి చెయ్యి నా దగ్గరుండాలయ్యా. రోజూ పొద్దున ఐదున్నరకి వచ్చెయ్" అని నా భుజం తట్టారు.

ఐదున్నరకి తెనాలి నుంచి ఎలా వస్తాను? అందుకే ఇక్కడ ఒక గది అద్దెకి తీసుకున్నాను. రేపల్లెలో ఉన్నప్పుడు రాత్రయినా ఇంటికి చేరేవాణ్ణి. ఇప్పుడు ఇంటికి వెళ్ళేది పండక్కే. వెంకటకృష్ణయ్య మధ్యాహ్నం ఇంటికెళ్ళి వేడన్నం తిని వస్తున్నాడని తెలిసింది. అతని నడుం కూడా కుదుటపడిందట.

నాకేం తక్కువ? సాయంత్రం రాగానే నా బట్టలు నేనే ఉతుక్కుంటాను. చేతులు ముందు, చొక్కా వెనక. ఏం ల్యాగ్! మొన్న ఇంటి ఓనరు సుందరమ్మగారు నిలబడి చూసి, ముక్కున వేలేసుకుంది.

"ఎంత బాగా ఉతుకుతున్నావు బాబూ! మీ ఆవిడ అదృష్టవంతురాలు!"

అవునండి అన్నాను. ఆ అదృష్టవంతురాలు తెనాలిలో ఒక్కతే దుప్పట్లు ఉతుక్కుంటోందని మాత్రం చెప్పలేదు.