నాలుగో నంబరు విమానం

లిఫ్టులు బాగుచేసే మనిషికి ఆకాశం మీద మనసు పోవడంలో వింతేమీ లేదు. పగలంతా చీకటి గొయ్యిలో, గ్రీజు కారే తాళ్ల మధ్య నిలబడి, ఊళ్లో వాళ్లందర్నీ పైకి పంపిస్తూ తను మాత్రం కిందే ఉండిపోతాడు. అలాంటివాడు ఇంటికొచ్చి కంప్యూటర్లో విమానం నడుపుకుంటానంటే ఎవరు కాదంటారు? వీధిలో అందరూ లిఫ్టాయన అని పిలిచే ఆయన కూడా అలాగే మొదలుపెట్టాడు. కొన్నాళ్లు ఒంటరిగా ఎగిరాడు. తర్వాత ఇంటర్నెట్లో ఒక జట్టు దొరికింది.

జట్టులో ఆరుగురు. ఒకరి మొహం ఒకరు చూసుకున్న పాపాన పోలేదు. ఆరు ఊళ్లలో, ఆరు గదుల్లో, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటారు. తెరమీద ఆరు విమానాలూ రెక్క రెక్క రాసుకునేంత దగ్గరగా చేరి, చక్రంలా తిరిగి, తలకిందులై, రంగు పొగలు వదులుతాయి. నాయకుడు రిటైరైన హెడ్మాస్టరు. జట్టంతా ఆయన్ని పెద్దాయన అంటుంది. లిఫ్టాయనది నాలుగో నంబరు. అంటే సరిగ్గా పెద్దాయన తోక కింద. చూసేవాళ్లకి ఆకాశమంతా కనిపిస్తుంది, నాలుగో నంబరుకి పెద్దాయన వెనక భాగం కనిపిస్తుంది. అయినా ఆ చోటు దక్కిన రోజు లిఫ్టాయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆయన భార్య డ్రైవింగు స్కూల్లో టీచరు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుంటుంది. ఆవిడ కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కాబట్టి ఆవిడకి బ్రేకమ్మ అని పేరు పడింది. వారమంతా ప్రాణాలు పరాయివాళ్ల చేతిలో పెట్టి తిరిగే మనిషి గనక, ఆదివారం ఒక్కపూట మొగుడితో కలిసి ఎటైనా వెళ్లాలని ఆవిడ కోరిక. నడిచే సుమా. కారెక్కితే పక్కన ఎవరున్నా ఆవిడ కుడికాలు దానంతటదే కిందికి నొక్కుకునేది.

జట్టు సాధన కూడా ఆదివారమే, పొద్దున్న పదింటికి.

నాలుగు ఆదివారాలు లిఫ్టాయనకి తలనొప్పి వచ్చింది. ఐదో ఆదివారం నడుం పట్టేసింది. ఆరో ఆదివారానికి ఒంట్లో కొత్త నొప్పికి చోటు మిగల్లేదు. అప్పుడు వేశాడు ఎత్తు. కంపెనీ తనని సూపర్వైజర్ని చెయ్యబోతోందనీ, అందుకు మూడు నెలల కోర్సు ఉందనీ, పాఠాలు ఆదివారాలే చెబుతారనీ, చివర్లో పరీక్ష ఉంటుందనీ భార్యతో అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసి, మంచిదేగా అని ఊరుకుంది. అంత తేలిగ్గా గట్టెక్కుతానని ఆయన అనుకోలేదు.

వెనక గది తలుపు పల్చన. మొదటి పాఠం ముగించి బయటికి వచ్చేసరికి బ్రేకమ్మ బట్టలు మడతపెడుతోంది.

"పొగ వదులుతున్నాను అంటున్నారేమిటి లోపల?"

"అగ్నిప్రమాదాల పాఠం."

"తలకిందులవుతున్నాను అని కూడా అన్నారు."

"లిఫ్టు తలకిందులైతే ఏం చెయ్యాలో చెప్పారు."

"లిఫ్టు తలకిందులవుతుందా?"

"అవదు. ఒకవేళ అయితే."

ఆవిడ ఆయన చొక్కా చేతులు రెండూ, దొంగకి పెడరెక్కలు విరిచికట్టినట్టు, వెనక్కి విరిచి మడతపెట్టింది. "మీ తోక నాకు స్పష్టంగా కనిపిస్తోంది పెద్దాయనా అన్నారు. అది ఏ పాఠం?"

లిఫ్టాయనకి ఉన్నట్టుండి దాహం వేసి వంటింట్లోకి పోయాడు.

అబద్ధమాడే మొగుడికి మర్యాద ఎక్కువ. పాఠం అయ్యాక ఆయనే టీ కలిపి తెచ్చేవాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని, ఈ వారం ఎవరు ఏ గోడని గుద్దారని అడిగేవాడు. మలుపు రాగానే కళ్లు మూసుకునే ఒక ఉద్యోగి గురించీ, ఎర్రదీపం చూస్తే హారను కొట్టే ఒక పంతులమ్మ గురించీ ఆవిడ చెప్పేది. ఇద్దరూ నవ్వుకునేవారు. ఒక్కోసారి టీ చల్లారిపోయేది. తప్పు చేసినవాడు కట్టే జరిమానా కింద లెక్కేసుకున్నాడు గానీ, ఆ అరగంట తనకీ బాగుంటోందని లిఫ్టాయన గమనించలేదు.

ఈలోగా అబద్ధానికి కాళ్లొచ్చి వీధంతా తిరిగింది. బ్రేకమ్మ తన తల్లిని పిలిపించింది. అల్లుడి చదువుకి కాపలా అని అత్తగారు వెనక గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆదివారం పదయ్యేసరికి ఇంట్లో మిక్సీ ఆగిపోయేది. పక్కింట్లో గోడకి మేకు కొడితే ఆవిడ వెళ్లి సుత్తి తీసుకుని వచ్చేసేది. ఎదురింటివాళ్లు సూపర్వైజరుగారూ అని పలకరించడం మొదలుపెట్టారు. లిఫ్టాయన తల ఊపీ ఊపనట్టు ఊపి వెళ్లిపోయేవాడు.

మూడు నెలలూ అయ్యాయి. ఇంటర్నెట్లో పెద్ద ప్రదర్శన ఒకటి ఏర్పాటైంది. ఎక్కడెక్కడి జట్లో వచ్చి ఎగురుతాయి, వేలమంది చూస్తారు. అది ఆదివారం పదిన్నరకి. పరీక్ష ఆరోజేనని ఇంట్లో చెప్పేశాడు.

శుక్రవారం సాయంత్రం బ్రేకమ్మ ఒక మాట చెప్పింది. స్కూల్లో ఆడవాళ్లకి విడిగా విభాగం పెడుతున్నారట. దానికి ఆవిడే ఇన్‌చార్జి. ఆదివారం పదిన్నరకి, మూడో అంతస్తులో చిన్న సభ. అందరి ఇళ్లనుంచీ ఎవరో ఒకరు వస్తారట.

"మీ పరీక్ష ఇంకోరోజు రాయనిస్తారేమో, ఒక్కసారి అడిగి చూడండి" అంది.

అడుగుతానని లిఫ్టాయన వెనక గదిలోకి వెళ్లాడు. ఎవర్నీ అడగలేదు. ఐదు నిమిషాలు గోడ చూసి బయటికొచ్చి, కుదరదన్నారని చెప్పాడు. ఆవిడ సరేనంది.

ఆ ఆదివారం అత్యవసర పిలుపులకి వెళ్లాల్సిన వంతు కూడా ఆయనదే. సెలవురోజు ఆఫీసులుండవు, లిఫ్టులు ఎందుకు పాడవుతాయి అని ధైర్యం చెప్పుకుని ఫోను ముందు గదిలో వదిలేశాడు.

పదిన్నరకి ఆరు విమానాలూ లేచాయి. పది నలభైకి ఫోను మోగింది. మోగి ఆగి, మళ్లీ మోగింది. నాలుగోసారి అత్తగారు తీసింది. అవతల అసలు సూపర్వైజరు.

"నాయనా, పరీక్ష రాసేవాడికి మధ్యలో నువ్వే ఫోను చేస్తే ఎలా?" అంది ఆవిడ.

"ఏం పరీక్షమ్మా?"

"నువ్వు పెట్టిందే."

"నేనేమీ పెట్టలేదు. డ్రైవింగు స్కూలు మేడలో లిఫ్టు ఆగిపోయి ఏడుగురు ఇరుక్కున్నారు. అందులో ఒకావిడ ఆయన భార్యనంటోంది."

అత్తగారు తలుపు తీసింది. తెరనిండా ఎర్ర పొగ. ఆరు విమానాలు వెల్లకిలా పడి పైకి పాకుతున్నాయి. కూతురు లిఫ్టులో ఇరుక్కుందని అల్లుడి భుజం తట్టి చెప్పింది.

లిఫ్టాయన తల తిప్పలేదు. "ఒక్క నిమిషం అత్తయ్యా, ఈ చక్రం అయిపోవచ్చింది" అన్నాడు.

ఆవిడ మారుమాట లేకుండా ఆయన నెత్తిమీది హెడ్‌ఫోన్లు లాగేసింది. చెయ్యి అదిరింది. నాలుగో నంబరు ముక్కు వెళ్లి పెద్దాయన తోకలో దిగింది. పెద్దాయన పక్కకి ఒరిగి రెండో నంబరుని గుద్దాడు, రెండో నంబరు మూడో నంబరుని. వేలమంది చూస్తుండగా నాలుగు విమానాలు పిట్టల్లా రాలాయి. అత్తగారి చేతిలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లలోంచి, నాలుగూ, చూపెందుకు తిప్పావయ్యా అని హెడ్మాస్టరు గొంతు సన్నగా వినిపిస్తోంది. ఆ మాట లిఫ్టాయన వినలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టకుండానే పరిగెత్తాడు.

మేడ పైకెక్కి, మోటారు చక్రాన్ని చేత్తో తిప్పి, ఆగిన లిఫ్టుని మూడో అంతస్తుకి చేర్చి తలుపు లాగేసరికి పదకొండుంపావు దాటింది. లోపల స్కూలు ఓనరుతో సహా ఏడుగురూ చెమటతో తడిసి ఉన్నారు. సూపర్వైజరు బ్రేకమ్మకి ఫోను చేసి, మీ ఆయన పరీక్ష రాస్తున్నారటమ్మా అని అడిగినప్పుడు స్పీకరు పెట్టి ఉందట. ఏడుగురూ విన్నారు. బ్రేకమ్మ అందరికంటే వెనక నిలబడి ఉంది.

"మా ఆయన" అని మిగతావాళ్లకి పరిచయం చేసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఎలా రాశారు?" అంది.

ఎవరో దగ్గారు. బాగా రాయలేదని లిఫ్టాయన గొణిగాడు.

సాయంత్రం అత్తగారు సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. ఇంటికి రాగానే మొదలవుతుందనుకున్న గొడవ మొదలవలేదు. బ్రేకమ్మ సోఫాలో కూర్చుని కాళ్లు నొక్కుకుంటోంది. చివరికి ఉండబట్టలేక ఆయనే అడిగాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండో వారమే. మీ సూపర్వైజరు భార్య నా దగ్గర నేర్చుకుంటోంది. రివర్సు రాదు గానీ మాటలు బాగా వచ్చు."

"మరి అడగలేదేం?"

"అడిగితే మానేసేవారు." ఆవిడ ఆయన వైపు చూడకుండానే అంది. "అబద్ధం మొదలెట్టాకే మీరు నాకు టీ కలిపారు. రోజెలా గడిచిందని అడిగారు. పన్నెండేళ్లలో ఎప్పుడూ లేదు. పోనీ, ఇలాగైనా దక్కిందిలే అనుకున్నాను."

లిఫ్టాయన మాట మార్చి, అత్తగారిని ఎందుకు పిలిపించావని అడిగాడు.

"అమ్మ ముందైనా అబద్ధం ఆడలేరేమోనని. ఆడగలిగారు. శుక్రవారం అడిగి చూడమన్నాను. లోపలికి వెళ్లి ఒక్కమాటా మాట్లాడకుండా తిరిగొచ్చారు. ఆ తలుపు మీరనుకున్నంత మందం లేదు." కాలు మార్చి నొక్కుకుంది. "ఒక్క నిమిషం అన్నారట. అమ్మ చెప్పింది."

తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. ఇక జట్టు లేదు, గిట్టు లేదని గట్టిగా చెప్పాడు. తనని తీసేసి వేరేవాణ్ని పెట్టుకున్నామని పెద్దాయన మధ్యాహ్నమే ఎంతో మర్యాదగా రాసి పంపిన సంగతి మాత్రం చెప్పలేదు. వచ్చే ఆదివారం నుంచి ఎక్కడికంటే అక్కడికి నడిచి వెళ్దామన్నాడు.

"ఆదివారాలు నాకు క్లాసులున్నాయి" అంది బ్రేకమ్మ. "ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకి ఆరోజే తీరిక. మా ఓనరు నెలరోజుల నుంచి బతిమాలుతున్నాడు. ఆదివారం ఇంట్లో ఉండాలని నేనే కాదంటూ వచ్చాను. ఇవాళ ఒప్పుకున్నాను."

"ఎప్పుడు ఒప్పుకున్నావు? సభే జరగలేదుగా."

"లిఫ్టులో" అంది ఆవిడ, లేచి దీపం వేస్తూ. "అరగంట పైనే ఉన్నాంగా. ఆలోచించుకోవడానికి తీరిక దొరికింది."