గోడకు బిగించిన బెండు

ఇట్లా దగ్గరికి జరగండి, ఫ్యాను చప్పుడులో నా గొంతు వినబడదు. ఒక మాట చెబుతాను, నవ్వకండి. మదనపల్లె నుంచి కుప్పం దాకా గాలించినా, పుంగనూరు పక్కన కొత్తగా తెరిచిన స్విమ్మింగ్ పూల్ అంత భద్రమైన చోటు ఇంకొకటి లేదు. నమ్మరా? భద్రమని బోర్డు పెట్టారండీ! బోర్డు పెట్టాక కూడా నమ్మకపోతే ఎట్లా?

మా కాలంలో బావులుండేవి. టికెట్టు లేదు, టోపీ లేదు, బోర్డు లేదు. నీళ్లు అడుగుదాకా కనిపించేవి. ఎంత మోటుతనం! అడుగున పాకే తాబేలు కూడా కనిపిస్తుంటే మనిషికి దిగే ధైర్యం ఎక్కడిది? పూల్‌లో ఆ బాధ లేదు. మామూలు రోజుల్లో నీళ్లు చిక్కటి గోంగూర పులుసులా ఉంటాయి. క్లోరిన్ వేస్తే పిల్లల కళ్లు మండుతాయని మేనేజరు ఉమాపతి జాలిపడి, వేయడమే మానేశాడు. ఇంత దయగల మేనేజరు బెంగళూరులో దొరుకుతాడా?

ఇక లైఫ్‌గార్డు కుప్పుస్వామి. నిన్నమొన్నటిదాకా కళ్యాణమండపం గేటు దగ్గర నిలబడిన మనిషి. ఇప్పుడు ఎర్ర టీషర్టు, మెడలో విజిల్. ఈత రాదు. రాకపోవడమే మేలు కదా? వచ్చినవాడైతే ఎప్పుడో ఒకసారి నీళ్లలోకి దిగుతాడు. దిగితే మునిగినా మునుగుతాడు. దిగనివాడికి ఏ గండమూ లేదు. భద్రత అంటే అదీ!

మా వీధి మునిరత్నమ్మకు మాత్రం ఇవేవీ తలకెక్కలేదు. గొర్రెలు కాసుకునే మనిషి. ఆమె చేని పక్కన ఎవరో పంటకుంట తవ్వి, లోపలంతా నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచారు. అందులోకి జారితే గొర్రె కూడా పైకెక్కలేదు. తొమ్మిదేళ్ల మనవరాలు మమత రోజూ ఆ గట్టు మీదే నడిచిపోతుంది. పిల్లకు ఈత వచ్చేదాకా ముసలామెకు కంటిమీద కునుకు లేదు. నేర్పుదామంటే ఊరి బావి ఎప్పుడో పూడిపోయింది. అందుకే వేసవి సెలవుల్లో మమతను వెంటబెట్టుకుని పూల్‌కు వచ్చింది. చంకలో బెండు.

బెండు తెలుసు కదా? ఎండిన కిత్తనార కాడను మూరెడు ముక్క కోసి, తాడేసి పిల్లల వీపుకు కడతారు. మునుగుదామన్నా మునగనివ్వదు. మా తరమంతా దాన్ని నమ్ముకునే తేలింది.

ఉమాపతి గేటు దగ్గరే ఆపాడు.

"ఏందమ్మా అది, పొయ్యిలోకి కట్టెలా?"

"బెండప్పా. పాపకు కట్టేదానికి."

"అట్లాంటివి ఈడ కుదరవు. హైజీను ఉండాల. ఆ మూల పారేసి రా. పాపకు టోపీ తెచ్చినావా?"

టోపీ లేనిదే దిగనివ్వరు. తలవెంట్రుక రాలితే నీళ్లు పాడైపోతాయట. నిజమే, గోంగూర పులుసులో వెంట్రుక పడితే ఎవరు ఊరుకుంటారు? మునిరత్నమ్మ పసుపుపచ్చ టోపీ కొని పిల్ల తలకు తొడిగి, గట్టున కుర్చీలో కూర్చుంది. బెండు మూలన పడింది.

కొన్నాళ్లకు, తనిఖీకి సారు వస్తున్నాడని కబురొచ్చింది. అప్పుడు చూడాలి ఉమాపతి శ్రద్ధ! పూల్ నీళ్లు నీలంగా ఉండాలని ఎవరో చెప్పారట. తెల్లబట్టలకు వేసే నీలిమందు సీసాలు అంగళ్లలో దొరికినన్ని తెచ్చి గుమ్మరించాడు. పచ్చనీళ్లకు నెమలిమెడ రంగు వచ్చింది. గోడలకు తెల్లరంగు కొట్టించాడు. లోతు చెప్పే అంకెలు ఆ రంగు కిందికి పోయాయి. పోనీండి, అంకెలు చూసి పిల్లలు జడుసుకోరూ?

మునిగేవాళ్లకు విసిరే సాధనం ఒకటి గోడకు ఉండాలట. కొనడమెందుకని, మూలనున్న బెండుకు ఎరుపు తెలుపు చారలు పూయించి, ఎవరూ ఎత్తుకుపోకుండా నాలుగు స్క్రూలతో గోడకు బిగించాడు. కింద అందంగా రాయించాడు: "ప్రాణరక్షక సాధనం. తాకరాదు."

మునిరత్నమ్మ అక్షరాలు గుర్తుపట్టలేదు గానీ బెండును గుర్తుపట్టింది.

"నా బెండును పెండ్లికూతురు మాదిరి సింగారించినారేమప్పా? పాపకు కడతాను, ఇప్పించు."

"సారు వచ్చిపోయేదాకా దాని జోలికి రావద్దమ్మా. పోయి కుర్చీలో కూసో."

సారు వచ్చాడు. నీడలోనే నిలబడి, "నీళ్లు బాగుండాయే" అన్నాడు. సారును బెండు పక్కన నిలబెట్టి ఫోటో తీస్తున్నారు. ఉమాపతి చొక్కా సర్దుకున్నాడు.

మునిరత్నమ్మ చూపు మాత్రం పసుపు టోపీ మీదే ఉంది. లోతు తక్కువని చెప్పిన వైపు నుంచి టోపీ మెల్లగా నడిమధ్యకు పోయింది. బాగానే తేలుతోంది. తేలుతున్నది టోపీ ఒక్కటే. దాని కింద తల లేదు.

ఆ నీలి నీళ్లలో పిల్ల ఎక్కడుందో ఎవరికి కనిపిస్తుంది? ముసలామె కేక వేసింది. కుప్పుస్వామి తన డ్యూటీ తాను చేశాడు. విజిల్ ఊదాడు. చెంపలు ఉబ్బేలా ఊదాడు. ఆమె గోడ దగ్గరికి ఉరికి బెండు పట్టుకుని లాగింది. నాలుగు స్క్రూలు! గాలివానకు కూడా ఊడదు.

"యాలమ్మా లాగతాండావు? తాకగూడదని రాసుండాది గదా. ఫోటో సెడిపోతాది" అన్నాడు ఉమాపతి.

అంతలో నీళ్లపైకి ఒక చెయ్యి లేచింది. మునిరత్నమ్మ గట్టున చతికిలబడి, కాళ్లు తన్నిపెట్టి, చీర కుచ్చిళ్లు ఊడదీసింది. ఒక కొస నడుముకు చుట్టుకుని, రెండో కొస విసిరింది. బావిలో పడిన గొర్రెపిల్లలకు ఉచ్చుతాడు విసిరిన చెయ్యి అది. "పట్టుకో మమతా, ఇడవొద్దు" అని ఒకటే మాట. పిల్ల చెయ్యి మునిగింది. చీర తడిసి బరువెక్కింది. ఆ తర్వాత బిగుసుకుంది.

పిల్ల గట్టుకొచ్చి నీలిరంగు కక్కుకుంది. బతికింది.

సారు కూడా ఊరికే పోలేదు. జరిగిందంతా విచారించాడు. నీళ్లు నీలంగా ఉన్నాయి, లైఫ్‌గార్డు విజిల్ ఊదాడు, ప్రాణరక్షక సాధనం చెక్కు చెదరకుండా గోడకే ఉంది. మరి తప్పు ఎక్కడుంది? వెతకగా వెతకగా ఒక్కటే దొరికింది. ఒక ఆడమనిషి చీరతో పూల్ గట్టున కూర్చుంది. కాళ్లకు చుట్టుకుంటే ప్రమాదం కాదా? మరుసటి రోజే గేటుకు కొత్త బోర్డు: "చీరలతో లోనికి ప్రవేశం లేదు."

మునిరత్నమ్మ బెండు అడగడానికి పోతే ఉమాపతి చేతులు జోడించాడట. "అది పీకితే పూల్ మూసేస్తారమ్మా. నీకు పుణ్యముంటాది." ఆ పిల్ల ఇప్పటికీ ఆ పంటకుంట గట్టు మీదే బడికి పోతోంది. ఈత రాలేదు. అవ్వకు నిద్రా రాలేదు.

కాబట్టి బిడ్డలారా, ఈ కథ గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పండి. పూల్ చాలా భద్రమని చెప్పండి, నేను చెప్పానని చెప్పండి. పిల్లల్ని తప్పకుండా తీసుకుపొమ్మనండి. కాకపోతే, వెంట పోయేవాళ్లలో ఒక్కరైనా చీర కట్టుకుని పొమ్మనండి. గేటు దగ్గర బోర్డు చూపించి ఆపితే, మాకు చదువు రాదని చెప్పమనండి. నాకైతే అది అబద్ధం కూడా కాదు.