తోడు వచ్చినవారి పేరు

ఆ రోజు ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారిని ఆఫీసు ఎదురుగా ఉన్న కళ్లద్దాల దుకాణంలో దింపాలి. ఆఫీసులో పరీక్ష జరిపించాలి. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి మేనేజరు చేత సరే అనిపించుకోవాలి. సాయంత్రం కొత్త కళ్లద్దాలతో అత్తగారిని ఇంటికి తీసుకురావాలి. వీటిలో జరిగినవి రెండే. అవి కూడా అనుకున్నట్టు జరగలేదు.

అతని ఉద్యోగం యంత్రాలకు తెరలు గీయడం. ఏ మీట ఎక్కడ ఉండాలి, దాని మీద ఏ మాట రాయాలి, చూసే మనిషి కన్ను ముందు ఎటు పోతుంది, వేలు ఎక్కడ పడుతుంది అని ఆలోచించే పని. రెండేళ్లుగా అతను ఒకే యంత్రం మీద కూర్చున్నాడు. ఆసుపత్రికి వచ్చినవాళ్లు కౌంటరు ముందు పడిగాపులు పడకుండా, తెర మీద తామే వివరాలు నమోదు చేసుకుని టోకెన్ తీసుకునే యంత్రం అది. ఆసుపత్రి ఆవరణలోనే కాక, బయట వీధి మలుపుల్లో కూడా వాటిని నిలబెట్టాలని మేనేజరు ఆలోచన. ఆపదలో ఉన్నవాళ్లు ఆంబులెన్సును పిలిచే వీలు కూడా అందులోనే ఉంది.

మేనేజరు పెట్టిన షరతు ఒకటే. ఆ యంత్రాన్ని ఎన్నడూ చూడని మనిషి ఎవరైనా, ఎవరి సాయమూ లేకుండా, తన కళ్ల ముందు టోకెన్ తీసుకోవాలి. తీసుకుంటే యంత్రాలు కొంటారు. తీసుకోలేకపోతే కౌంటర్లే ఉంటాయి, రెండేళ్ల పని అటకెక్కుతుంది.

ఇలాంటి పరీక్షలకు నియమాలు రాసింది అల్లుడే. యంత్రం ముందు కూర్చున్నవాళ్లు తమ మనసులోని మాటలన్నీ పైకి అంటూ ఉండాలి. ఎదురుగా కూర్చున్న పరీక్షకుడు సాయం చేయకూడదు, తల ఊపకూడదు, ముఖంలో ఏ భావమూ కనబడనివ్వకూడదు. ఏమడిగినా "మీకేమనిపిస్తోంది?" అని మాత్రమే అనాలి. మధ్యలో ఎవరూ గదిలోకి రాకూడదు. ఈ నియమాలను అతను ఎంత నిష్ఠగా పాటిస్తాడంటే, ఆఫీసులో అందరూ అతన్ని చాటుగా మౌనస్వామి అంటారు. కొన్నాళ్లుగా చాటుగా అనడం కూడా మానేశారు. పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది, చూడండి అని భార్య అడిగితే కూడా, నీకేమనిపిస్తోంది అన్న చరిత్ర అతనికి ఉంది.

కళ్లద్దాల దుకాణానికి తాళం వేసి ఉంది. పదకొండుకి తెరుస్తారని పక్క దుకాణం వాళ్లు చెప్పారు. అత్తగారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఆవిడ కళ్లద్దాలు విరిగిపోయి, ఎప్పటివో పాతవి పెట్టుకుని ఉన్నారు. ఆ చూపుతో రోడ్డు దాటుతారేమోనని భయపడి అల్లుడు ఆవిడను తనతో పాటు ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఆవిడ సరే అన్నారు. మామగారు పోయినప్పటి నుంచి ఆవిడ మాట్లాడుతున్నది ఆ ఒక్క మాటే. పొద్దున్నే నడవమని కూతురు చెబితే సరే. నలుగురిలో కలవమని పక్కింటావిడ చెబితే సరే. మనసు తేలికపడే మాటలు రోజూ వినిపించే యాప్ ఒకటి అల్లుడు ఆవిడ ఫోన్లో వేసి ఇస్తే, దానికీ సరే. ఏదీ చేసింది లేదు, ఎవరినీ కాదన్నదీ లేదు.

ఆఫీసులో అడుగు పెట్టేసరికి, పరీక్షకు రావలసిన రిటైర్డ్ గుమాస్తాకు జ్వరం వచ్చిందని కబురు. మేనేజరు అప్పటికే అద్దం వెనక గదిలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. అవతలి వాళ్లకు ఇవతలి గది కనిపిస్తుంది కానీ, ఇవతలి వాళ్లకు ఆ అద్దంలో తమ ముఖం తప్ప మరేమీ కనబడదు. వేరే మనిషిని వెతికే వ్యవధి లేదు. అల్లుడితో పనిచేసే ప్రోగ్రామర్ అమ్మాయి అత్తగారి వైపు చూసింది. అల్లుడు కూడా చూశాడు. అత్తగారు సరే అన్నారు.

కూర్చోబెట్టే ముందు ప్రోగ్రామర్ ఒక మాట గుర్తు చేసింది. టోకెన్ నిజంగా తమ వరుసలో కనబడితే చూడాలని మేనేజరు ముచ్చటపడితే, రాత్రే యంత్రాన్ని ఆసుపత్రి అసలు లైనుకు కలిపారట. ఒక్క టోకెనే కదా, ఏం కొంప మునిగిపోతుంది అన్నాడు అల్లుడు. ఫోన్ ఆపేశాడు. ఇక్కడ ఏం జరిగినా పరీక్షలో భాగమే అనుకోండి, కంగారు పడకండి అని అత్తగారికి చెప్పి, ఎదురుగా కూర్చుని ముఖంలోంచి ముఖాన్ని తీసేశాడు.

మోకాలి నొప్పికి డాక్టరు టోకెన్ తీసుకోవడం ఆవిడకు ఇచ్చిన పని. ఆవిడ తెర వైపు చూశారు. ఏం మాట్లాడమంటారు బాబూ అని అడిగారు. మీకేమనిపిస్తోంది అన్నాడు అల్లుడు. ఆ ఇంట్లో చాలాకాలంగా ఆవిడను ఎవరూ ఆ మాట అడగలేదు.

"ఈ అక్షరాలు కనబడటం లేదనిపిస్తోంది," అన్నారు ఆవిడ. "రాసినవాళ్లెవరో రంగు పొదుపు చేసినట్టున్నారు. అంతా మా అల్లుడి అలమరాలా ఉంది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కావలసింది మాత్రం దొరకదు."

అద్దం అవతల ఎవరో దగ్గినట్టు వినిపించింది. అల్లుడి ముఖం కదలలేదు.

తెర మీద మొదటి ప్రశ్న, తోడు వచ్చినవారి పేరు. పెద్దవాళ్లను ఎవరో ఒకరు వెంటబెట్టుకునే వస్తారు కాబట్టి, తెర ముందు నిలబడేది ఆ తోడు మనిషే కాబట్టి, అదే ముందుండాలని అల్లుడు వాదించి పెట్టించాడు. అత్తగారు ఆ గడిలో తన పేరు టకటకా కొట్టేశారు. అంతవరకు అక్షరాలు వెతుక్కున్న వేలు ఆ ఒక్కచోట తడుముకోలేదు. తర్వాత రోగి పేరు అడిగింది. మళ్లీ తన పేరే కొట్టారు. రోగి, తోడు ఒకరే కాకూడదని యంత్రం ఒప్పుకోలేదు. వెనక్కి వెళ్లడానికి మీట లేదు. అది ఉంటే జనం తికమక పడతారని తీయించింది కూడా అల్లుడే.

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"నాలుగేళ్లు ఆయన్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పాను," అన్నారు. "ఎక్కడికెళ్లినా తోడు గడిలో నా పేరు, రోగి గడిలో ఆయన పేరు. చెయ్యి దానికే అలవాటు పడింది. ఇప్పుడు నా పేరు ఏ గడిలో రాయాలో తెలియటం లేదు."

నియమం ప్రకారం అల్లుడు ఇక్కడ మీకేమనిపిస్తోంది అనాలి. అనలేదు. ఆవిడ ఎవరితోనూ కాదన్నట్టు చెప్పుకుపోయారు. మామగారికి వరుసలో కూర్చుంటే తోచేది కాదట. పక్కవాళ్లతో మాటలు కలిపి, జబ్బు తనది కానట్టు, ఈవిడకే ఒంట్లో బాగోలేదు పాపం అని చెప్పేవారట. ఒకసారి నర్సు ఆ మాట నమ్మి, ఆవిడ చేతికే పట్టీ చుట్టి రక్తపోటు చూసిందట. ఆయన పక్కనే కూర్చుని, జాగ్రత్తమ్మా, ఆవిడకు సూదంటే భయం అన్నారట. చెబుతూ చెబుతూ అత్తగారు నవ్వారు. ఆ నవ్వు విని అల్లుడికి మొదట ఎవరో కొత్త మనిషి గదిలోకి వచ్చారనిపించింది.

నవ్వు ఆగాక ఆవిడ కళ్లు తుడుచుకుని యంత్రం వైపు తిరిగారు. సరే, తోడు నేనే అయితే రోగి ఎవరో ఒకరు ఉండాలి కదా అనుకుంటూ, ఎదురుగా ఉన్న ఒక్క మనిషి పేరు, అంటే అల్లుడి పేరు కొట్టారు. ఫోన్ నంబరు అడిగితే తనకు నోటికి వచ్చిన ఒకే నంబరు, కూతురిది ఇచ్చారు. చివరి తెర మీద రెండు మీటలున్నాయి. కొనసాగించండి అన్నది తెల్లటి తెర మీద లేత బూడిద రంగులో, కనబడీ కనబడనట్టుంది. అలాంటి రంగు హుందాగా ఉంటుందని అల్లుడి నమ్మకం. రెండోది ఎర్రగా అరచేయంత ఉంది. పాత కళ్లద్దాలకు అదొక్కటే కనబడింది. దాన్ని నొక్కారు.

టోకెన్ బయటికి వచ్చింది. దాని మీద అత్యవసరం అని ఉంది.

అద్దం అవతల ప్రోగ్రామర్ అమ్మాయి రెండు చేతులతో అద్దాన్ని బాదింది. పరీక్ష నడుస్తుండగా శబ్దం చేయడం ఎంత తప్పో సాయంత్రం నచ్చజెప్పాలనుకుని అల్లుడు అటు చూడలేదు. తలుపు తీయడానికి ఆ అమ్మాయికి ధైర్యం చాలలేదు. తలుపు మీద నియమాలు అతికించి ఉన్నాయి. తీరా తెగించి తలుపు తీసి, సార్, ఆంబులెన్సు బండి బయలుదేరింది అని చెప్పేటప్పటికి ఆలస్యమైంది. రద్దు చేయమన్నాడు అల్లుడు. రద్దు చేయాలంటే, ఇచ్చిన ఫోన్ నంబరుకు వచ్చే అంకెలు కావాలి. ఆకతాయిలు అత్యవసర పిలుపుల్ని రద్దు చేయకుండా ఈ ఏర్పాటు చేసింది ఎవరో అడగనక్కర్లేదు.

ఆ అంకెలు అతని భార్య ఫోన్‌కు చేరాయి. వాటికంటే ముందు, మీవారి పరిస్థితి అత్యవసరం, రోగిని కదిలించవద్దు అనే సందేశం కూడా చేరింది. ఆవిడ భర్తకు ఫోన్ చేసింది. ఆపేసి ఉంది. అంతే, ఆవిడకు ఇంకెవరి సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. ఆ క్షణం నుంచి ఆవిడ ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తూనే ఉంది, కాబట్టి ఇక్కడి నుంచి ప్రోగ్రామర్ ఎన్నిసార్లు చేసినా లైను దొరకలేదు. ఒక్కసారి ఆసుపత్రికి చెప్పి ఆపించండని అల్లుడు మేనేజరును బతిమాలాడు. మేనేజరు కుర్చీలోంచి కూడా లేవలేదు. ఎంతసేపట్లో వస్తుందో చూద్దాం, ఇలాంటి అవకాశం మళ్లీ రాదన్నాడు.

బండి చాలా త్వరగా వచ్చింది. స్ట్రెచర్‌తో ఇద్దరు పైకి వచ్చి రోగి ఎవరన్నారు. పేరు నాదే గానీ నాకేమీ కాలేదని అల్లుడు చెప్పాడు. అందరూ మొదట అలాగే అంటారన్నట్టు వాళ్లు తలలూపి, తోడు వచ్చినవారిని అడిగారు. అత్తగారు ఉన్న మాట దాచే మనిషి కారు. పైగా ఏం జరిగినా పరీక్షలో భాగమేనని ఆవిడకు ముందే చెప్పి ఉన్నారు.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నారమ్మా?"

"ఇందాకట్నుంచీ ఇంతే నాయనా. రెప్ప వేయకుండా చూస్తున్నారు. ఏమడిగినా ఒకటే మాట."

"ఏ మాట?"

"మీకేమనిపిస్తోంది, అని."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన అల్లుణ్ణి మళ్లీ తన కుర్చీలో కూర్చోబెట్టి, ముందుకు వంగి, ఈ రోజు ఏ వారమో చెప్పగలరా అని నెమ్మదిగా అడిగాడు. అల్లుడు నోరు తెరిచాడు. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో, ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చుని అడిగిన ఏ ప్రశ్నకూ అతను మరో జవాబు చెప్పి ఎరగడు.

"మీకేమనిపిస్తోంది?" అన్నాడు.

అంతటితో అతన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి పట్టీలు బిగించడం పూర్తయింది.

ఆసుపత్రిలో డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూశాడు, మోకాలి మీద కొట్టి చూశాడు, రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉందన్నాడు. ఈ పరిస్థితిలో ఎవరికైనా ఉంటుంది అన్నాడు అల్లుడు. అంతలో భార్య వచ్చింది. రెండు కాళ్లకూ రెండు వేర్వేరు చెప్పులున్నాయి. మంచం మీద భర్త లేచి కూర్చుని ఉండటం చూసి మొదట ఏడ్చింది, వెంటనే తిట్టడం మొదలుపెట్టింది. మీ పరీక్షలు, మీ మీటలు, మీ ఫోను అని వరుసగా అందుకుని, సగంలో ఆగిపోయింది. మంచం పక్కన వేలాడే గుడ్డ తెర అవతల ఎవరో ఆడమనిషి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది, నర్సులు పకపకా నవ్వుతున్నారు.

"ఏమండీ, అది అమ్మ గొంతు కదా."

అల్లుడు తల ఊపాడు. పరీక్ష అయిపోయింది కాబట్టి ఊపవచ్చు.

మేనేజరు తన కారులో వచ్చి, కూర్చోకుండానే నిర్ణయం చెప్పాడు. యంత్రాన్ని ఎన్నడూ చూడని మనిషి, చూపు కూడా సరిగా లేని మనిషి, ఎవరి సాయమూ లేకుండా టోకెన్ తీసుకున్నారు. వరుసలో కనబడింది, బండి వచ్చింది, రోగిని చేర్చారు. రోగికి జబ్బు లేకపోవడం యంత్రం తప్పు కాదు. యంత్రాలు కొంటున్నాం. కాకపోతే ఆ బూడిద రంగు మార్చాలి, వెనక్కి వెళ్లే మీట పెట్టాలి, తోడు గడిని ఖాళీగా వదిలినా ఒప్పుకునేలా చేయాలి, మార్చిన ప్రతిసారీ ఈవిడ చేతే పరీక్ష చేయించాలి.

అత్తగారు ఈసారి వెంటనే సరే అనలేదు. ఎదురుగా అల్లుడే కూర్చోవాలన్నారు. వేరే ఎవరైనా కూర్చోవచ్చు, అందరూ ఒకే నియమాలు పాటిస్తారని ప్రోగ్రామర్ నచ్చజెప్పబోయింది.

"ఇంట్లో అందరూ నాకు చెప్పేవాళ్లేనమ్మా," అన్నారు ఆవిడ. "వినేది ఈయనొక్కరే."

అది తన గొప్ప కాదు, నియమం అని అల్లుడు చెప్పాలనుకున్నాడు. భార్య తన వైపు చూస్తున్న చూపు ఈ మధ్యకాలంలో దొరకనిది కావడంతో ఊరుకున్నాడు.

అందరూ టీ తాగడానికి వెళ్లాక మంచం మీద కూర్చుని ఫోన్ ఆన్ చేశాడు. చేర్చుకునేటప్పుడు రాసుకున్న తన నంబరుకు ఆసుపత్రి నుంచి, అయిదు ఖాళీ నక్షత్రాలతో ఒక పలకరింపు తెర నిండా పరుచుకుంది. ఈ రోజు మా సేవ గురించి మీకేమనిపిస్తోంది? దాన్ని మూసే మీట కోసం అన్ని మూలలా వెతికాడు. అలాంటి మీట ఉంటే ఎవరూ జవాబు చెప్పరని వాదించి గెలిచింది తనేనని కాసేపటికి గుర్తొచ్చింది.