అనుమతించదగిన ఉప్పు

మాలకొండయ్య ఏడవాల్సిన ఏడుపు ఊరి కుళాయిల్లో వస్తోందని నీటి పరీక్షలో తేలింది.

ఆ సంగతిని పంచాయతీ నోటీసు బోర్డు మీద, దోమల మందు కొట్టే తేదీకీ ఇంటిపన్ను హెచ్చరికకీ మధ్యన అంటించారు. ఎర్రబోడు ఊళ్లో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. పక్క మండలంలో ఒకాయన మింగిన కోపం కరెంటు తీగల్లోకి ఎక్కి వీధి వీధంతా మీటర్లు కాలిపోయాయి. దాన్ని కరెంటు వాళ్లు చూసుకున్నారు. ఏ లైనులో తేలితే ఆ శాఖదే బాధ్యత అని ఉత్తర్వులున్నాయి. ఇది నీళ్ల శాఖ వంతు.

మాలకొండయ్య భార్య వెంగమ్మ పోయి ఏడాది తిరగలేదు. ఆమె పోయిన కొద్ది రోజులకే ట్యాంకు నీళ్లు ఉప్పగా మారాయి. కందిపప్పు ఎంత ఉడికించినా గింజ గింజగానే ఉండేది. టీ విరిగిపోయేది. సబ్బు ఎంత రుద్దినా నురగ వచ్చేది కాదు. ముందు బోరు అడుగంటిందనుకున్నారు. తర్వాత పాత సర్పంచిని తిట్టుకున్నారు. చివరికి సీసాలో పట్టి పరీక్షకు పంపితే రిపోర్టు వచ్చింది. ఇది నేల ఉప్పు కాదు, మనిషి ఉప్పు. మగమనిషిది. అరవై దాటినవాడిది. పొగాకును వేడికి పండబెట్టే బ్యారన్‌లో మంట వేసి బతికినవాడిది. అలాంటివాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. పెళ్లాం పోయాక కంట తడి పెట్టనివాడు ఒక్కడే.

మొదట వచ్చి నిలదీసింది వదిన పేరమ్మ. అన్న భార్య. గోడకు ఆ పక్క ఇల్లే.

"ఏందయ్యా మరిదీ, ఆ ఏడ్చేదేదో నీ ఇంట్లో కూర్చోని ఏడవరాదా? మా పప్పుచట్టిలోకి వచ్చి ఏడవాల్నా?"

"నేను ఏడవడంలా వదినా."

"అదే గదా మా కర్మ!"

శాఖలో లోపలి నీటి విభాగం అని ఒకటి ఉంది. అక్కణ్ణించి హైమవతి అనే ఇంజనీరు వచ్చింది. మనిషిని సగం నిద్రలోకి దించి లోపలి మనసుతో మాట్లాడటం ఆమె పని. బయట దాన్ని హిప్నోథెరపీ అంటారు. శాఖలో లీకు పని అంటారు. ఆమె జీపు దిగి, కుళాయి నీళ్లు ఒక గుక్క తాగి, మాలకొండయ్య ముఖం చూసి, "ఈయనదే" అంది.

నిబంధన ప్రకారం రెండు మార్గాలు. ఏడుపును సొంతదారు కళ్లలోకి మళ్లించడం ఒకటి. అది ఒక్క విడతలో కాకపోతే లైనుకు సీలు వేయడం రెండోది.

"సీలు వేయించు మామా, తేలికగా పోద్ది. నొప్పి కూడా ఉండదంట," అన్నాడు సర్పంచి ఓబులరెడ్డి. అతనికి నీళ్ల ట్యాంకర్ల ఖర్చు నెత్తి మీద ఉంది.

"సీలంటే ఏందమ్మా?" అని మాలకొండయ్య ఇంజనీరును అడిగాడు.

"నీళ్లు ఎక్కడ పుడుతున్నాయో అక్కడే మూసేస్తాం. ఆవిడ ఇక మీకు గుర్తుండరు. ఫొటో చూస్తే ఎవరో బంధువులనిపిస్తుంది."

"ఎవరి తరపు?"

"అది మీ ఇష్టం."

మాలకొండయ్య చాలాసేపు తువ్వాలు మడత పెట్టాడు. విప్పాడు. మళ్లీ మడత పెట్టాడు.

"ఆమెను తీయొద్దమ్మా," అన్నాడు. "కాకపోతే ఏడుపు ఎట్టా వస్తదో నాకు తెలీదు."

మోటారు గదిలో మంచం వేశారు. సాక్షులుండాలి కాబట్టి ఊరంతా గది బయట నిలబడింది. నీళ్ల వ్యవహారం కాబట్టి బిందెలు కూడా తెచ్చుకున్నారు.

హైమవతి అతన్ని పడుకోబెట్టి, రైతుకు విత్తనం గురించి చెప్పినట్టు చెప్పింది. "పై మనసు కుళాయి తిప్పే చెయ్యి లాంటిది. తిప్పుతుంది, కట్టేస్తుంది. అంతా తన చేతిలోనే ఉందనుకుంటుంది. నీళ్లుండేది మాత్రం కింద. పైన కట్టేస్తే కింద ఆగిపోవు, ఇంకో దారి వెతుక్కుంటాయి. నేను మిమ్మల్ని మత్తులో పడేయను. ఆ పై చెయ్యిని కాసేపు పక్కన కూర్చోబెడతాను, అంతే. మీకు ఇష్టం లేని పని నేను చేయించలేను."

"ఇష్టమేనమ్మా."

"అది పై మనసు మాట. కిందదాన్ని అడుగుదాం. ఔనంటే కుడి చూపుడువేలు లేస్తుంది. కాదంటే ఎడమది. మీరు లేపొద్దు, దానంతటది లేవాలి."

మోటారు వేయించింది. ఆ చప్పుడు తప్ప ఇంకేదీ వినొద్దంది. ఊపిరి మెల్లగా వదలమంది. కనురెప్పలు బరువెక్కుతున్నాయంటే అవి నిజంగానే బరువెక్కాయి. మెట్లు కనిపిస్తాయి, ఒక్కొక్కటే దిగమంది. మాలకొండయ్య పెద్దగా మెట్లున్న ఇళ్లు ఎరగడు. అతనికి బ్యారన్ లోపల ఆకు వేలాడదీసే అడ్డవాసాలు కనిపించాయి. పై వాసం మీద నుంచి కాలు జార్చి కింది వాసం మీద పెట్టాడు. పైన ముఖం మాడ్చే వేడి. దిగేకొద్దీ వేడి తగ్గింది. పండిన ఆకు వాసన వచ్చింది. అడుగున కాలు పెడితే అది తన ఇంటి వసారా.

వసారాలో వెంగమ్మను పడుకోబెట్టారు. నుదుట పెద్ద బొట్టు. బయట షామియానా కడుతున్నారు. ఆడవాళ్లు గోడవారగా కూర్చున్నారు. తను గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు.

"అక్కడ మీకు ఏడుపు రాలేదా?" పైనుంచి హైమవతి గొంతు.

ఎడమ వేలు లేచింది. కాదు.

"వస్తే ఆపుకున్నారా?"

ఎడమ వేలే.

"నలుగురూ చూస్తారని సిగ్గుపడ్డారా?"

మళ్లీ ఎడమ వేలే. తలుపు దగ్గర ఓబులరెడ్డి గడియారం చూసుకున్నాడు. "మేడం, సీలు సామాను జీపులోనే ఉందా? దించమందునా?"

"కాసేపు ఆగండి," అంది ఆమె. మాలకొండయ్య వైపు వంగింది. "ఎవరి కోసమైనా ఎదురుచూస్తున్నారా?"

కుడి వేలు లేచింది. దించమని చెప్పేదాకా అలాగే ఉంది.

"ఎవరి కోసం?"

వేలికి పేర్లు రావు. మాలకొండయ్యే నోరు తెరిచాడు. "వెంగమ్మ కోసం. మొదలుపెడతది గదా అని."

ఆ ఇంట్లో ఏడవడం వెంగమ్మ పని. ఎవరూ పంచలేదు, అలా జరిగిపోయింది. అతని తల్లి పోయినప్పుడు అతను కట్టెలకు వెళ్లాడు, ఆమె ఏడ్చింది. బ్యారన్ తగలబడితే అతను బూడిద ఎత్తిపోశాడు, ఆమె ఏడ్చింది. కొట్టంలో ఎద్దు పడిపోతే అతను గుంత తవ్వాడు, ఆమె ఏడ్చింది. పేరైనా పెట్టకముందే పిల్లవాడు పోతే ఆమె లోపల తలుపు వేసుకుని ఏడ్చింది. అతను బయట మంచం మీద కూర్చుని, ఆ చప్పుడు ఆగేదాకా కదలలేదు. ఆగాక గుండె తేలికైంది. ఆమె ఏడ్చినందుకు తన గుండె ఎందుకు తేలికవుతోందని ఒక్కనాడూ అనుకోలేదు. అనుకునే పనిలేదు. కాబట్టి ఆ రోజు కూడా గుంజ దగ్గర నిలబడ్డాడు. ఆమె మొదలుపెట్టలేదు. ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఆవిడనే అడగండి," అంది హైమవతి.

వసారాలో వెంగమ్మ చెయ్యి ఊతంగా పెట్టుకుని లేచి కూర్చుంది. ముక్కులో దూది పీకి పక్కన పెట్టింది.

"ఇంకెంతసేపు నిలబడతావయ్యా? కాళ్లు లాగటంలా?"

"నువ్వు మొదలుపెట్టలేదు."

"నా చావుకు నేనే ఏడవాల్నా? అదొక్కటే తక్కువ."

"నాకు రాదే."

"రాకేం. పిల్లోడు పోయినప్పుడు నేను ఎట్టా ఏడ్చానో బయట కూర్చోని ఇన్నావు గదా."

"ఇన్నా."

"ఇన్నావని నాకు తెలుసులే. అందుకే గొంతెత్తి ఏడ్చా, నీక్కూడా సరిపోవాలని. ఇప్పుడు నా వల్ల కాదు. ఇట్టరా. ఈ కొంగు పట్టుకో. నోరు తెరువు."

అతను గుంజను వదిలిపెట్టాడు. వెళ్లి ఆమె పక్కన కూలబడి కొంగు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

వచ్చిన చప్పుడు వినసొంపుగా లేదు. తల్లిని తోలుకుపోతుంటే దూడ అరిచినట్టుంది. మోటారు గది రేకులు అదిరాయి. బయట ఆడవాళ్లు బిందెలు కింద పెట్టారు. మగవాళ్లు ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నారు.

"వస్తన్నాయా?" అని లోపలికి తొంగి చూడకుండానే అడిగాడు ఓబులరెడ్డి.

"వస్తున్నాయి," అంది హైమవతి. మొదటి చుక్కలు సీసాలో పట్టి మూత బిగించి సాక్షుల చేత సంతకాలు పెట్టించింది. మాలకొండయ్య ఆపలేదు. తల్లికి ఏడ్చాడు, ఎద్దుకు ఏడ్చాడు, పిల్లవాడికి ఏడ్చాడు. వెంగమ్మకు ఏడుస్తుంటే పొద్దు వాలింది. ఇకమీదట వచ్చినప్పుడు రానివ్వాలని హైమవతి అతని చెవిలో మెల్లగా చెప్పి, వాసం వాసం ఎక్కించి పైకి తెచ్చింది. కళ్లు తెరిచాక అతను ముందు అడిగింది, "నా పెళ్లాం పేరేంది?" అని. "వెంగమ్మ" అని తనే చెప్పుకుని, మంచం పట్టె పట్టుకుని లేచాడు.

తర్వాతి పరీక్ష రిపోర్టు హైమవతే తెచ్చి ఇచ్చింది. ఉప్పు బాగా తగ్గింది. పోలేదు. ఇంకొంచెం మిగిలింది.

"ఇది కూడా నాదేనా అమ్మా? ఇంకా ఏడవాల్నా?"

"మీది పూర్తిగా వచ్చేసింది. ఇది ఆడవాళ్లది. ట్యాంకు కట్టిననాటి నుంచీ ఉంది. అంతకుముందు బావుల్లోనూ ఇంతే ఉండేది."

"మరి వాళ్లను పడుకోబెట్టరా?"

"పరిమితిలోనే ఉంది కదండీ. అసలు ఆ పరిమితి పెట్టిందే దీన్ని కొలిచాక. అన్ని ఊళ్లలోనూ ఇంతే."

మాలకొండయ్య ఆ కాగితాన్ని తిప్పి వెనక వైపు చూశాడు. వెనక ఏమీ లేదు.

"అందులో వెంగమ్మది కూడా ఉంటదా?"

"ఉంటుంది. పైపు గోడలకు పట్టి ఉంటుంది. పంచాయతీ తీర్మానం చేసి పంపితే కొత్త లైను వేస్తారు. అప్పుడు అది కూడా పోతుంది. చెప్పమంటారా?"

"వద్దమ్మా," అన్నాడు. "ఉండనీండి."

ఆమె సరేనని రాసుకుంది. సొంతదారుకు అభ్యంతరం లేదు కాబట్టి ఫైలు మూసేశారు. నీళ్లు బాగుపడ్డాయని ఓబులరెడ్డి మైకులో చెప్పించాడు.

మర్నాడు కుళాయి దగ్గర పేరమ్మ బిందె పడుతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఎందుకని మాలకొండయ్య అడగలేదు. అడిగే అలవాటు ఆ ఊళ్లో లేదు.

"ఏం మరిదీ, ఇప్పుడు బాగున్నాయా నీళ్లు?"

"బాగున్నాయి వదినా."

లోపలి నుంచి అన్న కేకేశాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "వస్తన్నా" అంటూ బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది. మాలకొండయ్య కుళాయి కింద దోసిలి పట్టాడు. నాలుక మీద ఒక క్షణం నిలిపి మింగాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన రుచే. ఊళ్లో దాన్నే మంచినీళ్లంటారు.