ఒక అమ్మాయి, నలుగురు క్రీడాకారిణులు

అమెరికాలోని వెస్ట్ బ్రెకెన్ విశ్వవిద్యాలయ క్రీడల్లో స్త్రీ పురుష సమానత్వం సెప్టెంబరు రెండో వారానికల్లా పూర్తయింది. క్రీడా విభాగం డైరెక్టర్ గ్రేబిల్ ఈ సంగతి విలేకరులకు చెప్పి, అందరికీ డోనట్లు పెట్టించారు.

ఆ సమానత్వంలో నలుగురి భాగం టెస్ హావర్‌క్యాంప్ అనే ఒక్క అమ్మాయిది. ఆఖరి సంవత్సరం చదువుతోంది. పరుగు ఆమె ఆట. ఆకులు రాలే కాలంలో పొలాల వెంట పరుగెత్తుతుంది, చలికాలంలో పైకప్పు కింద, మంచు కరిగాక ఆరుబయట. మూడు జట్లు కనుక లెక్కలో ముగ్గురు ఆడపిల్లలు. ఇందులో తప్పేమీ లేదు, ఆటల్లో ఆడపిల్లల లెక్క తగ్గకూడదనే నిబంధన ఒక్కో జట్టులోని పేరును ఒక్కో మనిషిగా ఒప్పుకుంటుంది. భోజనశాల లెక్కలో మాత్రం ఆమె ఒక్కతే.

ఆటగాళ్లకు జీతాలు ఇవ్వవచ్చని ఆ వేసవిలోనే ఇంకో నిబంధన వచ్చింది. అందరికీ న్యాయంగా పంచే ఉద్దేశంతోనే అధికారులు సమావేశంలో కూర్చున్నారు. లేచేసరికి సొమ్ము మగపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు వెళ్లిపోయింది. అక్కడి ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో విసురుతారు; సొమ్ములో పెద్ద ముక్క ఆ విసిరే కోల్టన్‌ది. పరుగు జట్టుకు కొత్త బూటులేసులు దక్కాయి. మిగిలిన లోటు పూడ్చడానికి ఆడపిల్లల టెన్నిస్ జట్టును మూసేశారు. మూసేశాక ఆడపిల్లల లెక్క తగ్గింది. తగ్గితే నిబంధన ఊరుకోదు. అందుకని పడవ పందేల జట్టులోనూ టెస్ పేరు రాశారు. తనకు ఈత రాదని టెస్ చెప్పింది. పడవ ఎక్కని వారికి ఈతతో పని లేదని డైరెక్టర్ తేల్చారు.

అంతా సవ్యంగా సాగుతుండగా లీగ్ పరుగు పందెం వచ్చింది. పొలాల వెంట టెస్‌కు అదే ఆఖరి పరుగు. మూడేళ్లుగా చీకటితో లేచింది దాని కోసమే. పందెం పక్క రాష్ట్రంలో. బస్సుకు డబ్బు లేదని కబురొచ్చింది. టెస్ డైరెక్టర్ గదికి వెళ్లింది.

"రా తల్లీ, కూర్చో. నువ్వు మా అందరి గర్వకారణానివి."

"బస్సు కావాలి సర్."

"చూడమ్మా, సమానత్వం అనేది సుదీర్ఘ ప్రయాణం..."

"అందుకే సర్, బస్సు అడుగుతున్నా. ఫుట్‌బాల్ వాళ్లు మన ఊళ్లో ఆటకు కూడా ముందు రాత్రి హోటల్లో పడుకుంటారు కదా!"

"వాళ్లకు నిద్ర అవసరం."

"అయితే నేను మానేస్తా."

"నీ ఇష్టం. ఒక్క మనిషి మానేస్తే..." గ్రేబిల్ ఆగారు. వేళ్లు మడిచి చూసుకున్నారు. కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఒక్కదానివేనా మానేది? నలుగురూనా?"

"నలుగురమూ సర్. మాలో మేం మాట్లాడుకున్నాం."

బస్సు వచ్చింది. షరతు ఒక్కటే. పందెం శనివారం పొద్దున. మధ్యాహ్నం ఫుట్‌బాల్ ఆట విరామంలో సమానత్వానికి సన్మానం ఉంది, టెస్ తిరిగొచ్చి మైదానంలో నిలబడాలి.

వచ్చి నిలబడింది. మోకాళ్ల దాకా బురద. డైరెక్టర్ మైకు అందుకున్నారు.

"మహాజనులారా! ఈ నేల మీద ఆడబిడ్డ ఎవరికీ తీసిపోదు! మన నలుగురు క్రీడాకారిణులను చూడండి!"

ఎనభై వేల మంది లేచి చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో నాచో చిప్స్ తింటున్న ఒకాయన భార్యను అడిగాడు.

"నలుగురన్నాడు. మిగతా ముగ్గురేరే?"

"బాత్రూమ్‌కి వెళ్లుంటార్లే. ఆడవాళ్ల వైపు ఎప్పుడూ పెద్ద క్యూ."

ఆయన తృప్తిపడి కూర్చున్నాడు. కోల్టన్ మైదానంలోకి వచ్చాడు. ఆట మళ్లీ మొదలైంది.

పొద్దుటి పందెంలో టెస్ ఎన్నో స్థానంలో వచ్చిందని డైరెక్టర్ అడగలేదు. ఎనభై వేల మందిలో ఒక్కరూ అడగలేదు.

మీరూ అడగలేదు.