నార్పోలి చాల్‌లో ఒకే ఒక్క గది

భివండీ నార్పోలిలోని మా చాల్, అనగా మగ్గాల కూలీలుండే వరసగదుల పాత భవనం, ఆధునికమైపోయిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. గోడలు కాలేదు, నల్లా కూడా కాలేదు, వాటికేం తొందర? ముందుగా చాల్ నక్షాలు గీసే సాఫ్ట్‌వేర్ ఆధునికమైంది. పాత చాల్‌ను కూల్చి పెద్ద భవనం కట్టబోతున్నారు. నక్షాలో గది ఉన్నవారికే అందులో ఫ్లాటు. కనుక ఈ మధ్య మేం దేవుడికంటే నక్షాకే ఎక్కువ దండాలు పెడుతున్నాం.

పాత సాఫ్ట్‌వేర్‌ను ఎవరో మహానుభావుడు ఒక పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసి పుణ్యం కట్టుకున్నాడు. ఆ భాష వచ్చినవాడు ఇప్పుడు దొరకడు. అందుకని దాన్ని కదపకుండా, కొత్త భాషలో కొత్త సాఫ్ట్‌వేర్ రాయించి, పాతదాని వివరాలు కొత్తదానికి అందించే ప్రోగ్రాము ఒకటి మధ్యలో పెట్టాలని చాల్ సంఘం తీర్మానించింది. భివండీలో నూలు మొదలుకొని పెళ్ళి సంబంధం దాకా మధ్యన దలాల్ లేనిదే ఏదీ చేతులు మారదు గనుక ఈ ఏర్పాటు అందరికీ ఇట్టే అర్థమైంది. కాల్హేర్ గోదాముల్లో కంప్యూటర్లు చూసుకునే క్రిస్టోఫర్‌కు ఆ పని అప్పగించారు.

ప్రారంభోత్సవం నాడు కంప్యూటర్ ముందు కొబ్బరికాయ కొట్టారు. సంఘాధ్యక్షులు గాలయ్య గారు మీట నొక్కారు. తెర మీద చాల్ ప్రత్యక్షమైంది. అందులో ఒకటే గది ఉంది. అది మొదటి గది, గాలయ్య గారిది.

కారణం చాలా చిన్నది. చాల్‌లో గదులన్నీ ఒకే కొలత. అప్పట్లో నక్షా ఎక్కించినాయన మొదటి గదికి పొడవూ వెడల్పూ రాసి, మిగతావాటికి ఎందుకులే అని ఖాళీ వదిలేశాడు. ఖాళీ అంటే ‘పైదాని కొలతే’ అని పాత భాష పెద్దమనసుతో అర్థం చేసుకునేది. కొత్త భాష బాగా చదువుకున్నది. ఖాళీ అంటే ఏమీ లేదని దాని నమ్మకం.

మూడో గది దుర్గవ్వది. మగ్గాలకు కండెలు చుట్టి బతికే మనిషి; మొగుడు పోయాక ఆ గది తప్ప దిక్కు లేదు. నా గది ఉందయ్యా, వచ్చి చూడండని లబలబలాడింది. సంఘంవారు వచ్చి చూశారు. గది ఉంది. ఆమె ఇచ్చిన చాయ్ కూడా తాగారు. అయితే నక్షాలో లేని గదిలో తాగిన చాయ్‌ను సాక్ష్యంగా స్వీకరించలేమని విచారం వ్యక్తం చేసి, కప్పులు కింద పెట్టి లేచారు.

క్రిస్టోఫర్ మంచివాడు, తప్పు ఒప్పుకున్నాడు. ఖాళీ కనబడితే జాబితాలో దానికి పైనున్న గది వివరం దింపుకొమ్మని మధ్య ప్రోగ్రాముకు నేర్పాడు. కొలతల వరకే చేద్దామన్నాడు గానీ గాలయ్య గారు ఒప్పుకోలేదు.

“నియమమన్నంక అన్నిటికీ ఒక్కతీర్గ ఉండాలె,” అన్నారు.

మళ్ళీ సభ పెట్టి, ముఖ్య అతిథిని పిలిచి, మీట నొక్కారు. గదులన్నీ వరసగా లేచి నిలబడ్డాయి. తన గది చూసుకుని దుర్గవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత పేర్లు వచ్చాయి. మగ్గాల కూలీలు, ఇవాళ ఉంటారు రేపు పోతారు, తీరిగ్గా రాద్దాంలే అని మొదటి గదికి తప్ప మిగతావాటికి పేర్లు కూడా అప్పట్లో ఖాళీగానే వదిలారట. కాబట్టి ప్రతి గదికీ యజమాని గాలయ్య గారే అయ్యారు.

వారు చలించిపోయారు. “నాకైతే ఆశ లేదు. అందరి బరువు కంప్యూటరే తెచ్చి నా నెత్తిన పెట్టింది. వద్దంటే సైన్సును అవమానించినట్టయితది,” అని గద్గద స్వరంతో సెలవిచ్చారు.

లబ్ధిదారుల తరఫున రెండు ముక్కలు చెప్పమని దుర్గవ్వకు మైకు ఇచ్చారు.

“గది లేదన్ననాడు గా గదిలనే ఉన్న సారూ. ఇప్పుడు ఉన్నదంటున్నరు. ఇగ నేనెటు పోవాలె?”

ముఖ్య అతిథికి తెలుగు రాదు. కృతజ్ఞతలు చెబుతోందనుకుని ఆయన చప్పట్లు కొట్టారు. తెలుగు వచ్చిన మేం ఇంకా గట్టిగా కొట్టాం. రేపు అద్దెకు ఇల్లు అడగాల్సింది గాలయ్య గారినే మరి. మా చోట మీరున్నా చేతులు ముడుచుకుని కూర్చునేవారు కారు.