డిక్కీలో రాగులు

ఆ ఉదయం రామచంద్ర వేసుకున్న పథకం చిన్నదే. తళి నుంచి డెంకణికోటకు పోవాలి. అత్తగారు పిల్లమ్మను కారెక్కించుకుని హోసూరులో బావమరిది శశికుమార్ గృహప్రవేశానికి చేర్చాలి. దిగేటప్పుడు ఆమె "బస్సే మేలు" అనకూడదు. పోయినసారి అన్నది. ఈసారీ అంటే కారు అమ్మేయాల్సిందేనని భార్య ప్రేమ తేల్చి చెప్పింది. తమ వాడలో మొదటి కారు తనదేనన్న గొప్ప కాస్తా పోతుందని అతనికి ఒకటే గుబులు.

సెకండ్ హ్యాండ్ కారు. గుంతలో పడితే ఒకసారి ఎగిరి ఊరుకోదు, మేకపిల్లలా గంతులేస్తూనే పోతుంది. ముందురోజు మెకానిక్ ముత్తప్ప దాని వెనక మూలను రెండు చేతులా అదిమి వదిలాడు. కారు ఊగుతూనే ఉంది.

"చూడన్నా, ఒక్కసారి లేచి నిలబడల్ల ఇది, ఇట్ల ఊగకూడదు. వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ పోయినాయి. లోపలి నూనె కారిపోయింది. మార్చేయల్ల."

"మా ఎద్దులబండికి ఏ అబ్జార్బర్ ఉండిందప్పా? ఖాళీ బండి ఎగరతాది. బరువేస్తే తలొంచుకొని పోతాది," అన్నాడు రామచంద్ర. పదేళ్ల వయసు నుంచి బండి తోలినవాడికి కారొక లెక్కా అని అతని ధీమా.

అందుకే తెల్లవారగానే డిక్కీలో రెండు రాగుల మూటలు వేశాడు. నిజంగానే గంతులు తగ్గాయి. కారు తోక దించి, ముక్కు పైకెత్తి, డెంకణికోట దాకా మెల్లగా ఊగుతూ వచ్చింది. రామచంద్ర మీసం దువ్వుకున్నాడు. ప్రేమ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

నేలకు దిగబడిన కారును చూసి పిల్లమ్మ ఆగలేకపోయింది. "ఏమి తెచ్చినావప్పా ఇంత బరువుగా?" అంటూ డిక్కీ తెరిపించింది. పక్కింటి మారక్కను కేకేసింది. "చూడమ్మా, మా అల్లుడు ఒట్టి చేతుల్తో వచ్చే మనిషి కాదు."

రామచంద్ర నోరు తెరిచేలోగా పాలేరు ఆంజప్ప రెండు మూటలూ లోపలికి చేరవేశాడు. అవి మీకు తెచ్చినవి కావత్తా, కారు ఎగరకుండా వేసినవి అని ఏ అల్లుడు చెప్పగలడు? అతనూ చెప్పలేకపోయాడు. కారు తోక మళ్లీ లేచింది.

ఇప్పుడు బరువు కావాలి. చుట్టూ చూస్తే ఒడ్డూ పొడుగూ ఉన్న మారక్క కనిపించింది. "గృహప్రవేశానికి నువ్వూ రా మారక్కా, బస్సెందుకు? ఎదురింటి నాగక్కను కూడా పిలుచుకో. నువ్వు ఈ చక్రం పైన కూచో, ఆమె ఆ చక్రం పైన." ఎంత మంచి మనసని వీధంతా మెచ్చుకుంది.

హోసూరు రోడ్డులో మొదటి స్పీడ్ బ్రేకర్‌కు కారు అడుగు నేలను తాకింది. రెండోదానికి సైలెన్సర్ ఊడి వేలాడింది. గృహప్రవేశపు మేళాన్ని మించిన చప్పుడుతో వాళ్లు కొత్తింటి ముందు దిగారు. రామచంద్ర సిగ్గుతో స్టీరింగ్ వదల్లేదు.

"కారు ఎట్లుండిందమ్మా?" అన్నాడు శశికుమార్.

పిల్లమ్మ నడుము పట్టుకుని నిలబడింది. "నడుము పట్టేసింది. అయితే ఏమప్పా, మూటలు మోసింది, మనుషుల్ని మోసింది. ఇంక నేను యాడికి పోయినా దీంట్లోనే."

కారు అమ్మే గండం తప్పింది. రామచంద్రకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ప్రేమ అతని చెవిలో అన్నది. "ప్రతిసారీ రెండు మూటలా?"

మరునాడే అతను ముత్తప్ప దగ్గరికి పోయి, తల వంచుకుని, షాక్ అబ్జార్బర్లు మార్పించాడు. కారు గుంతల్ని మరిచిపోయింది. మరుసటి నెల అత్తగారి వాకిట్లో ఆపి, ఆమె ఎదుటే వెనక మూలను అదిమి వదిలాడు. అది ఒక్కసారి లేచి నిలబడింది.

పిల్లమ్మ అటు చూడలేదు. డిక్కీ తెరిపించి, లోపల ఖాళీగా ఉండటం చూసి, హోసూరు బస్సు ఎన్నింటికని మారక్కను అడిగింది.